ఆర్డీ కొనాలంటే ఉస్తాదు చెయ్యి కావాలి

పాత రాజ్‌దూత్ 350ని అమ్మేవాడు ముందుగా చూపించేది ట్యాంకు మీది రంగు. వెంట వచ్చిన ఉస్తాదు, అంటే చేయి తిరిగిన మెకానిక్, ఆ వైపు చూడనే చూడడు. అరచెయ్యి తీసుకెళ్లి సిలిండర్ రెక్కల మీద ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందా, ఆ పూటకి బేరం లేదు. చల్లారాక వస్తానని టీ తాగడానికి వెళ్లిపోతాడు. ముందే వేడెక్కించిన టూ స్ట్రోక్ ఇంజను సగం రోగాలు దాచేస్తుందని ఆయనకు తెలుసు.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. యమహా 1973లో తెచ్చిన ఆర్డీ 350కి మన దేశపు రూపం ఇది. ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో మొదలుపెట్టారు, ఆ దశాబ్దం దాటగానే కథ ముగిసింది. మైలేజీ ఇవ్వదని జనం జడిశారంటారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. డిస్క్ బ్రేకు పీకేసి డ్రమ్ము పెట్టారు, అదొక్కటే నాకు మింగుడుపడదు. మొదట వచ్చిన హెచ్‌టీ (హై టార్క్) మోడల్ 30.5 హార్స్‌పవర్, తర్వాతి ఎల్‌టీ (లో టార్క్) 27. అదే కాలపు బుల్లెట్ 350 ఇచ్చింది 18! బుల్లెట్ అభిమానులు ఏమనుకున్నా సరే, రోడ్డు మీద ఆర్డీకి సాటి లేదు. ఆ టూ స్ట్రోక్ వంశం అలాంటిది. 1975లో రేసర్ అగొస్తీని 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచింది యమహా టూ స్ట్రోక్ మీదే. ఆ ఏడాదే ఇండియానాపొలిస్ మట్టి ట్రాక్‌లో కెన్నీ రాబర్ట్స్ నాలుగు సిలిండర్ల టీజెడ్ 750తో చివరి మలుపు తర్వాత హార్లేలను దాటేశాడు.

ఇక పరీక్ష. ఉస్తాదు కిక్ రాడ్డును కాలితో కొట్టడు, చేత్తో మెల్లగా నొక్కుతాడు. రెండు సిలిండర్ల ఎదురుతన్ను సమానంగా ఉందో లేదో ఆ చేతికే తెలిసిపోతుంది. ప్లగ్గులు విప్పితే కొస బిస్కట్ రంగులో ఉండాలి. తెల్లబడితే పెట్రోలు చాలడం లేదనో, ఎక్కడో గాలి లాగుతోందనో అర్థం. తర్వాత సైలెన్సర్లు ఊడదీసి, టార్చి వేసి, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి పిస్టన్ ఒంటిని చూస్తాడు. నిలువు గీతలుంటే ఆ ఇంజను ఒకసారి పట్టేసిందన్నమాట. మాగ్నెట్ కవరు తీసి రోటర్‌ను పైకీ కిందికీ కదుపుతాడు. పిసరంత ఆట కనిపించినా క్రాంక్ బేరింగులు పోయాయి. స్టార్ట్ చేశాక కాస్త పొగ మామూలే. ఎంతసేపటికీ తగ్గని తెల్లపొగలో గేరాయిల్ వాసన వస్తే క్రాంక్ సీలు చిరిగింది.

చివరగా బోరు సైజు అడుగుతాడు. కొత్తలో 64 మిల్లీమీటర్లు. ఒక్కో బోరింగుకి పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ 65కి చేరిందంటే ఇక స్లీవు వేయించాల్సిందే. ఆ ఖర్చు ధరలోంచి తగ్గకపోతే వదిలేయమంటాడు.

నా కడుపు మండేది నకిలీల దగ్గర. ఎల్‌టీ బండికి హెచ్‌టీ అని చెప్పి లక్షలు లాగుతున్నారు. ఇంజను నంబరు అరగదీసి కొత్తది కొడుతున్నారు. అందుకే ఉస్తాదులు నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది, ఆర్సీతో పోల్చి చూస్తారు, చుట్టూ ఆకురాయి గీతలున్నాయేమో వెతుకుతారు. నాసిరకం పిస్టన్లు వేసి, పౌడర్ కోటింగ్ కొట్టి, రీస్టోర్ చేశామంటున్నారు. అది రీస్టోరు కాదు, దొంగతనం! రంగు వెలిసినా, అసలు కార్బొరేటర్లూ ఆయిల్ పంపూ తమ చోట ఉన్న బండికి పదివేలు ఎక్కువైనా ఇవ్వండి. మెరిసే నకిలీని సగం ధరకిచ్చినా ముట్టుకోకండి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల కోసం తిరిగేవాళ్లను అడగండి, క్రాంక్‌ను నొక్కి విప్పి మళ్లీ వంకర లేకుండా కూర్చగల చేతులు ఎన్ని మిగిలాయో. ఆ విద్య ఏ కాలేజీలోనూ నేర్పరు. బండి చూడ్డానికి వెళ్లే కుర్రాళ్లారా, స్నేహితుణ్ణి కాదు, ఉస్తాదుని వెంట తీసుకెళ్లండి. బేరం కుదిరినా కుదరకపోయినా ఆయన రోజు కూలీ ఆయన చేతిలో పెట్టండి. ఇంజను విప్పే రోజున షాపులో పక్కనే కూర్చుని, ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో చూసి నేర్చుకోండి.