యాజమాన్యమా, నివారణయా?

మదనపల్లె ప్రాంతమున టమాటా సేద్యమును గూర్చి పంచిపెట్టెడి కరపత్రములు కొన్ని యీ నడుమ నా చేతికి వచ్చినవి. వానిలోని విషయము మంచిదే, చెడినది భాష. “కలుపు యాజమాన్యము”, “పురుగుల యాజమాన్యము” అను శీర్షికలు చూచి మా బడిలోని యొక బాలుడు “కలుపునకు యజమాని యెవరండీ?” అని యడిగెను. నవ్వి యూరకుండ వీలు లేకపోయెను. యజమానుడనగా సంస్కృతమున యజ్ఞము చేయువాడు. తెలుగున సొత్తు గలవాడు. ‘మేనేజిమెంటు’ అను మాట కీ పదము నేల తగిలించిరో గాని, అదుపులో నుంచుట యను భావ మిందు స్ఫురింపదు.

అదే పత్రమున రెండు పంక్తుల క్రింద “నివారణ” యని యున్నది. నివారణమనగా రాకుండ జేయుట, లేదా పోగొట్టుట. శాస్త్రము చెప్పునది వేఱు. 1959లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు నలుగురు ప్రతిపాదించిన పద్ధతి ననుసరించి, పురుగు వలని నష్టము మందు ఖర్చును మించు స్థితి సమీపించినపుడే మందు చల్లవలెను. అంతవఱకు కొన్ని పురుగు లుండుటయే మేలు. వానిని తిని బ్రతుకు మిత్రకీటకములు చేనిలో నిలుచును. నివారణ యని చదివిన రైతు తుది పురుగు చచ్చువఱకు చల్లును. తప్పు రైతుదా?

పుంగనూరు దాపున నా శిష్యుని తండ్రి యొకరు టమాటా సాళ్ల నడుమ బంతి నాటిరి. బంతి “కాయతొలుచు పురుగును నివారించు” నని పత్రమున నుండెను. కొన్నాళ్లకు బంతిపూలనిండ పురుగే కనబడగా, మోసపోతినని మొక్కలన్నియు పెఱికివేసిరి. నిజమునకు బంతి పురుగును తఱుమునది కాదు, పిలుచునది. తల్లిపురుగు టమాటాను విడిచి బంతిమీద గ్రుడ్లు పెట్టవలెననియే దానిని నాటుట. అందుకే టమాటా పూతకు వచ్చునాటికి బంతియు పూయునట్లు ముదురు నారు నాటుదురు. పూలలో పురుగు చేరుటయే ఫలితము. ఆ పూలను కోసి నాశనము చేయవలెను. “ఎర పంట” యను రెండు మాటలు వ్రాసియుండిన ఆ తోట నిలిచెడిది.

కుప్పములో పురుగుమందుల యంగడి యెదుట ఒకరు “ముడతకు మందిమ్మ”నిరి. ఏ పైరని యడిగినవారు లేరు. మిరపాకు పైకి ముడిచికొన్న తామరపురుగు, క్రిందికి ముడిచికొన్న నల్లి కారణము. నల్లి కీటకము కాదు గనుక పెక్కు పురుగుమందులు దానిపై పనిచేయవు. టమాటాకు వచ్చు ముడతయో తెల్లదోమ మోసికొనివచ్చు వైరసు. దానికి మందే లేదు, తెగులుమొక్కలను తొలుతనే పీకి దోమను అణచవలెను. చిత్రమేమనగా, “పై ముడత”, “క్రింది ముడత” యని మిరప రైతులు తామే వేఱుపఱచి చెప్పుకొందురు. పత్రము వ్రాసిన విద్వాంసుడు ఆ రెంటిని చెఱిపి “ఆకుముడత” యని యొక్కటే వ్రాసెను.