వరస కలిపే ముందు

అరకు లోయలో కొర్రా, కిల్లో, పాంగి, వంతల అనే ఇంటిపేర్లు ఏ ఒక్క తెగవో కావు. ఇద్దరి ఇంటిపేరూ కిల్లో అయినంత మాత్రాన వాళ్లది ఒకే తెగ అనలేం. తెగ ఏదో, ఊరు ఏదో కూడా అడగాలి. జన్యు పరిశోధనలో వేరువేరు చోట్ల సేకరించిన వివరాలను ఒక్క నంబరు చూసి కలిపేటప్పుడూ ఇదే జాగ్రత్త కావాలన్నది నా వాదన. డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ తేడా కనిపించే చోట్లకు 'ఆర్‌ఎస్' అక్షరాలతో మొదలయ్యే నంబర్లు ఇచ్చారు. రెండు ఫైళ్లలోనూ ఒకే నంబరు ఉంటే కంప్యూటర్ ఆ వరుసలను పక్కపక్కన చేర్చేస్తుంది. క్షణాల్లో అయిపోయే పని. చేర్చినవి నిజంగా ఒకదానికొకటి సరిపోతాయా అన్నది మాత్రం నంబరు చెప్పదు.

కలపడం ఎందుకు, ఎవరి ఫైలు వాళ్లు చూసుకుంటే పోదా అంటే, మన్యంలో అది కుదరదు. సికిల్ సెల్ జబ్బునే తీసుకుందాం. నీలగిరి ఆదివాసుల్లో దాన్ని 1952లోనే గుర్తించారు. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047కల్లా జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. జబ్బు ఉందో లేదో రక్తపరీక్షతో తేలుతుంది. అదే జబ్బున్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నొప్పులతో మెలికలు తిరిగిపోతుంటే, ఇంకొకరు బడికి ఎలా వెళ్లగలుగుతున్నారో మాత్రం ఆ పరీక్షతో తేలదు. పుట్టాక తగ్గిపోవలసిన పిండదశ హిమోగ్లోబిన్ కొందరిలో ఎక్కువగా మిగిలిపోవడం అందుకు ఒక కారణం. దాన్ని అదుపు చేసే బీసీఎల్11ఏ జన్యువు పాత్ర 2007లో మొత్తం జీనోమ్‌ను జల్లెడ పట్టిన అధ్యయనంలోనే బయటపడింది. అలాంటి పనికి చాలా నమూనాలు కావాలి. చిన్న తెగ ఒక్కదానిలో అంతమంది రోగులు దొరకరు. పాడేరులో సేకరించినదీ, పార్వతీపురంలో సేకరించినదీ, సరిహద్దు అవతల కొరాపుట్‌లో సేకరించినదీ కలిస్తేనే లెక్క నిలబడుతుంది.

ఇక సికిల్ సెల్‌కు మూలమైన ఆర్‌ఎస్334 వరుసనే దగ్గరగా చూద్దాం. 11వ క్రోమోజోమ్ మీద, హిమోగ్లోబిన్ తయారీకి సూచనలిచ్చే జన్యువులో, జీఏజీ అని ఉండవలసిన చోట జీటీజీ అని ఉంటుంది. అంటే 'ఎ' పోయి 'టి' వచ్చింది. డీఎన్‌ఏకు రెండు పోగులు. ఒక పోగులో ఎ ఉంటే ఎదుటి పోగులో టి ఉంటుంది. ఈ జన్యువు చదవవలసిన దిశ, ప్రామాణిక జీనోమ్ రాసిన దిశకు ఎదురు. జన్యువు దిశలో రాసినవాళ్ల ఫైలులో ఎ మామూలు అక్షరం, టి జబ్బు అక్షరం. ప్రామాణిక దిశలో రాసినవాళ్ల ఫైలులో టి మామూలుది, ఎ జబ్బుది. రెండు ఫైళ్లలోనూ నంబరు ఒకటే, అక్షరాలూ ఆ రెండే. ఇంకో చోట అయితే ఒక ఫైలులో సి, టి ఉండి మరోదానిలో జి, ఎ ఉంటే కంప్యూటర్ తప్పు పట్టేది. ఇక్కడ పట్టదు. ఒక ఊరి ఆరోగ్యవంతులను ఇంకో ఊరి రోగులతో జతచేసి, ఏ హెచ్చరికా లేకుండా ఫలితం చేతిలో పెడుతుంది.

ఇది తెలిసినవాళ్లు చాలామంది ఎ–టి, సి–జి జతలున్న చోట్లన్నిటినీ ముందే తీసేస్తారు. లక్షల చోట్లలో కొన్ని పోతే పోయిందేమిటి, పక్క అక్షరాలను బట్టి వాటిని ఊహించవచ్చు కదా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఊహకు ఆధారం ఎవరు? 2015లో చివరి దశ ఫలితాలు వెలువడిన వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టులో 2,504 మంది ఉన్నారు. వారిలో తెలుగువాళ్లుగా నమోదైనవాళ్లు 102 మంది, వాళ్లూ బ్రిటన్‌లో స్థిరపడినవాళ్లు. వాళ్ల అక్షరాల పొందికను చూసి మన్యంలోని పోర్జ తెగవాళ్ల పొందిక ఊహించడం సాహసమే. పైగా ఆ నియమాన్ని గుడ్డిగా పాటిస్తే మొదట ఎగిరిపోయేది ఆర్‌ఎస్334, మన్యానికి అన్నిటికన్నా అవసరమైన అక్షరం. తీసేయకుండా తేల్చుకునే దారి ఉంది. మొత్తం జనంలో సికిల్ అక్షరం ఎక్కడైనా తక్కువమందిలోనే కనిపిస్తుంది కాబట్టి, రోగులను మాత్రమే ఏరి చేర్చని ఫైలులో అరుదైన అక్షరం ఏదో చూస్తే దిశ తెలిసిపోతుంది. రెండు అక్షరాలూ సగం సగం ఉన్న చోట ఈ ఉపాయం పనిచేయదు. అలాంటివాటిని తీసేయడం న్యాయమే.

నంబరు బదులు చోటునే గుర్తుగా పెట్టుకోవచ్చు కదా అన్నది ఇంకో సలహా. అదీ ఒంటరిగా చాలదు. ఈ అక్షరం 2009 నాటి ప్రామాణిక జీనోమ్‌లో 52,48,232వ స్థానంలో ఉంది, 2013 నాటి దానిలో 52,27,002వ స్థానంలో ఉంది.

మనుషుల వైపు గుర్తులూ ఇంతే తికమకగా ఉంటాయి. గదబలన్న ఒకే పేరు కింద ముండా కుటుంబపు గుతోబ్ మాట్లాడేవాళ్లూ, ద్రావిడ కుటుంబపు ఒల్లారి మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వాల్మీకులు ఏజెన్సీలో షెడ్యూల్డు తెగ, రాయలసీమ వాల్మీకి బోయలు వెనుకబడిన తరగతి. జిల్లాలను విడదీసిన 2022 ఏప్రిల్ 4కు ముందు అరకులో తీసిన నమూనా మీద జిల్లా పేరు విశాఖపట్నం అని ఉంటుంది, నగరంలో తీసిన దాని మీదా అదే ఉంటుంది. అందుకే తెగ, మాట్లాడే భాష, మండలం మూడూ నమూనాతోపాటే రాసుకోవాలి. ఫైళ్లు కలిపాక ఎన్ని వరుసలు కలిశాయని సంతోషించేలోపు, కలవకుండా మిగిలిన వరుసలను విడిగా దాచి తెరవాలి. వాటిలో ఏ మండలం పేరు ఎక్కువసార్లు వస్తోందో, 11వ క్రోమోజోమ్ వరుసలు ఏమైనా ఉన్నాయో ముందు చూడాలి.