పొగరు ఎవరిది, దర్జా ఎవరిది

ఇతరులు రాసిన వార్తలు దిద్దడం చాలా ఏళ్ళుగా నా పని. ఒక రాత్రి జిల్లా నుంచి వచ్చిన వార్తలో ‘ఆమె అధికారులకు పొగరుగా సమాధానమిచ్చింది’ అని ఉంది. విలేకరికి ఫోన్ చేసి, ‘ఇంతకీ ఆమె ఏమంది బాబూ?’ అని అడిగాను. ‘రేషన్ కార్డు ఎందుకు తీసేశారో కాగితం మీద రాసివ్వమంది సార్’ అన్నాడు. పొగరు కొట్టేసి, ఆమె అన్నదే రాశాను. అప్పటినుంచి ఆ మాట ఎక్కడ కనబడినా నా కలం ఆగుతుంది.

ఈ జాతి మాటలకు తెలుగులో కొదవ లేదు. కడుపులో ఆకలి పెట్టుకుని కూడా భోజనానికి మరో రెండుసార్లు పిలిపించుకునే కొత్తల్లుడిది బెట్టు. లోపల వణుకుతూనే పైకి ఛాతీ విరుచుకుని నిలబడేవాడిది బింకం. లేనిది ఉన్నట్టు చెబితే బడాయి. ఉన్నదాన్ని నలుగురి ముందూ పరిస్తే డాబు. మొన్నటిదాకా మనతో టీ తాగినవాడు నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే ఎగిరెగిరిపడితే మిడిసిపాటు. ఒకదాని చోట మరొకటి వేస్తే వాక్యం చెడిపోతుంది. మనిషి స్వభావాన్ని ఇంత దగ్గర నుంచి గమనించిన మన పెద్దల చూపు అంటే నాకు ఎంతో గౌరవం.

టెక్కు అనగానే నాకు సత్యభామే కళ్ళముందు నిలుస్తుంది. సిద్ధేంద్ర యోగి భామాకలాపంలో ఆమె తెర మీదుగా జడ వేసి, తనను మించినవారెవరని సవాలు చేస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ ఆ వేషం కడితే, ఆ టెక్కు చూడడానికే జనం తెల్లవార్లూ కూర్చునేవారు. దాన్ని పొగరు అని ఎవరూ అనలేదు. శ్రీకృష్ణ తులాభారంలో ఒక్క తులసిదళంతో ఆమెకు గర్వభంగమవుతుంది. అప్పట్లో గర్వం అంటే భంగం కావాల్సినదే. ఇప్పుడు ‘మా అమ్మాయిని చూస్తే గర్వంగా ఉంది’ అంటున్నాం. కొందరు మిత్రులకు ఈ వాడుక నచ్చదు. నేను మాత్రం దిద్దను. కన్నవాళ్ళు నిండు మనసుతో అనే మాట అది.

నన్ను బాధపెట్టేవి ఒంటికి సంబంధించిన మాటలు. కొవ్వు, బలుపు, కండకావరం, తిన్నది అరక్క. అష్టమదాలు లెక్కపెట్టేటప్పుడు కూడా అన్నమదాన్నే ముందు చెబుతారు. ఎదుటివాడు కడుపునిండా తిన్నాడన్నదే ఈ మాటల్లో ఉన్న నింద. వీటిని పాలేరును అన్నారు, కూలిని అన్నారు, కోడలిని అన్నారు. దొర ముఖం మీద ఎవరూ అనలేదు. దొరకు దర్పం, ఠీవి, దర్జా దక్కాయి. దర్జా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. దాని అసలు అర్థం మెట్టు, అంతస్తు. పైమెట్టు మీదివాడు తలెత్తితే దర్జా, కిందిమెట్టు మీదివాడు తలెత్తితే పొగరు.

ఇది మా ఇంట్లోనే జరిగింది. పెళ్ళయిన కొత్తలో అమ్మ బి.ఏ. పరీక్ష రాసొస్తానంటే, ‘చదువుకున్న పొగరు’ అంది నానమ్మ. అదే బి.ఏ. పాసైన బాబాయి వీధరుగు మీద కాలు మీద కాలేసుకుని, వచ్చినవాళ్ళను పలకరించకుండా పేపరు చదువుకుంటుంటే, ‘వాడి దర్జా చూడండి’ అని మురిసిపోయేది. అమ్మ ఈ రెండు మాటలనూ ఇప్పటికీ పక్కపక్కనే చెబుతుంది. ఆ పరీక్ష ఆమె రాయలేదు.

ఇంటి బయట ఇదే సంగతి ప్రాణాల మీదికి వస్తుంది. 1985 జూలై 17న కారంచేడులో దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. గొడవ మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. తాగే నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు కొట్టబోతే, ఒక దళిత మహిళ చేతిలోని బిందె ఎత్తింది. ఊరి పెత్తందార్లు సహించలేకపోయింది ఆ ఎత్తిన చేతినే. ఆ తర్వాత పుట్టిన దళిత మహాసభ అదే చేతిలో ఆత్మగౌరవాన్ని చూసింది. ఎత్తిన బిందె ఒక్కటే. దానికి పెట్టిన పేర్లే వేరు.

మా డెస్కులో కొత్తగా చేరే పిల్లలకు నేను చెప్పేది ఇదే, చదివేవాళ్ళను కోరేదీ ఇదే. ఫలానా మనిషికి పొగరని రాయబోయే ముందు, అనబోయే ముందు, ఆ మనిషి నిజంగా ఏమన్నాడో, ఏమందో కనుక్కోండి. ఆ మాటనే ఉన్నదున్నట్టు రాయండి.