వంద యంత్రాలకు ఒకే రాత

ఒక కళాశాల ల్యాబ్‌లో వంద కంప్యూటర్లున్నాయనుకుందాం. అన్నిటిలోనూ ఆపరేటింగ్ సిస్టం కొత్తగా ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కోదాని ముందు కూర్చుని, భాష ఏది, డిస్కును ఎన్ని భాగాలు చేయాలి, పాస్‌వర్డ్ ఏమిటి అనే ప్రశ్నలకు వందసార్లు జవాబిస్తూ పోవడం ఒక పద్ధతి. ఆ జవాబులన్నీ ఒక్కసారి ఒక ఫైల్లో రాసిపెట్టి, యంత్రాలన్నీ నెట్‌వర్క్ మీదుగా దాన్ని చదువుకునేలా చేయడం రెండో పద్ధతి. ఈ రెండోదాన్ని చాలామంది శ్రమ తగ్గించే కిటుకుగానే చూస్తారు. శ్రమ తగ్గే మాట నిజమే గానీ, దాని అసలు విలువ అంతకంటే పెద్దదని నా అభిప్రాయం. యంత్రం ఎలా ఉండాలన్న నిర్ణయం అంతవరకూ ఒక ఉద్యోగి జ్ఞాపకంలోనో, ఏదో ఒక డిస్కులోనో దాగి ఉండేది. దాన్ని ఎవరైనా చదివి సరిచూడగల రాతగా మార్చడమే నెట్‌వర్క్ బూటింగ్, అంటే యంత్రాలు నెట్‌వర్క్ నుంచే మేలుకునే ఈ పద్ధతి, చేసిన మేలు.

డిస్కులు ఖరీదైన 1980ల్లో ఈ పద్ధతికి పునాది పడింది. సన్ మైక్రోసిస్టమ్స్ వంటి సంస్థలు సొంత డిస్కు లేని వర్క్‌స్టేషన్లను తయారుచేసేవి. వాటికి కావలసినదంతా సర్వర్ నుంచే రావాలి. 1984లో వచ్చిన రార్ప్ అనే నియమావళి యంత్రానికి దాని ఐపీ చిరునామా ఒక్కటే చెప్పగలిగేది. మరుసటి ఏడాది సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ రాసిన బూట్‌పీ చిరునామాతో పాటు ఏ సర్వర్‌ను అడగాలో, ఏ ఫైలు తెచ్చుకోవాలో కూడా చెప్పింది. 1993లో దాన్ని విస్తరించి డీహెచ్‌సీపీ రూపొందించారు. డీహెచ్‌సీపీ మీద ఆధారపడి, ఏ తయారీదారు నెట్‌వర్క్ కార్డైనా ఒకే తీరున నడిచేలా పీఎక్స్ఈ అనే ప్రమాణాన్ని ఇంటెల్ తీర్చిదిద్దింది. దాని 2.1వ రూపం 1999 సెప్టెంబరులో వచ్చింది. ఈనాటి సర్వర్లు కూడా చాలావరకు ఆ బాటలో మేలుకోగలవు.

స్విచ్ వేసిన క్షణాన నెట్‌వర్క్ కార్డుకు తెలిసింది 48 బిట్ల తన సొంత గుర్తింపు సంఖ్య మాత్రమే. సర్వర్ ఎక్కడుందో తెలియదు కనుక, తాను పీఎక్స్ఈ యంత్రాన్నని, తన ప్రాసెసర్ ఫలానా రకమని ఆ నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా చాటుతుంది. డీహెచ్‌సీపీ సర్వర్ దానికి చిరునామా, తొలి ఫైలు పేరు చెబుతుంది. ఇప్పటికే నడుస్తున్న డీహెచ్‌సీపీని కదిలించడం ఇష్టంలేని చోట, చిరునామాల జోలికి పోకుండా బూట్ సమాచారం మాత్రమే ఇచ్చే ప్రాక్సీ సర్వర్‌ను పక్కన నిలపవచ్చు. తొలి ఫైలును తెచ్చేది టీఎఫ్‌టీపీ. అది 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న కబురు వచ్చాకే తరువాతి ముక్క పంపుతుంది. అంత సాదాగా ఉండబట్టే అది కార్డు మీది చిన్న చిప్‌లో ఇముడుతుంది. ముక్కల సంఖ్యకు 16 బిట్లే కేటాయించడంతో మొదట్లో ఫైలు 32 మెగాబైట్లు దాటడానికి వీలుండేది కాదు. ముక్క పరిమాణం పెంచుకునే వెసులుబాటు తరువాత ఆ ఇబ్బందిని సడలించింది.

నా వాదనకు గట్టి ఆధారం ఆ తరువాతి మెట్టులో కనిపిస్తుంది. తొలి ఫైలుగా వచ్చే, హెచ్. పీటర్ ఆన్విన్ రాసిన పీఎక్స్ఈలినక్స్ అనే లోడర్ తనకు కావలసిన సూచనల ఫైలును ఒక వరుసలో వెతుకుతుంది. ఆ కార్డు గుర్తింపు సంఖ్య పేరిట ఫైలు ఉందేమో చూస్తుంది. లేకపోతే ఐపీ చిరునామాను హెక్సాడెసిమల్‌లో 8 అంకెలుగా రాసి, ఆ పేరుతో వెతుకుతుంది. అదీ లేకపోతే కుడివైపు నుంచి ఒక్కో అంకె తగ్గిస్తూ పోతుంది. ఒక అంకె తీసేస్తే ఆ పేరు 16 చిరునామాలకు, రెండు తీసేస్తే 256 చిరునామాలకు వర్తిస్తుంది. చివరికి అందరికీ ఉద్దేశించిన ఫైలు దగ్గర ఆగుతుంది. అంటే ల్యాబ్ మొత్తానికి ఒక నియమం, అందులో ఒక వరుసకు ఒక మినహాయింపు, ఒక్క యంత్రానికి మరో మినహాయింపు అన్నీ ఫైళ్ల పేర్లలోనే కనిపిస్తాయి. ఆపైన ఆపరేటింగ్ సిస్టంకు గుండె వంటి కెర్నల్ వచ్చి, ఇన్‌స్టాలర్ మొదలై, రెడ్‌హ్యాట్‌లో కిక్‌స్టార్ట్, డెబియన్‌లో ప్రీసీడ్ అని పిలిచే జవాబుల ఫైలును చదువుతుంది. అది మామూలు అక్షరాలతో రాసిన ఫైలు. నిరుటి ప్రతినీ ఈనాటి ప్రతినీ పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో వేలుపెట్టి చూపవచ్చు.

ఇంత తతంగం ఎందుకు, బాగా నడుస్తున్న ఒక డిస్కును వంద నకళ్లు తీస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. నకలు వేగంగా తయారవుతుంది. యంత్రాలన్నీ ఒకే రకమైతే పనికొస్తుంది కూడా. కానీ అసలు డిస్కులోని పొరపాట్లు, దాని రహస్య తాళాలు, దాని గుర్తింపు సంఖ్య అన్నీ నకలుతో పాటే వెళతాయి. వాటిని ముందుగా తుడవకపోతే వంద లినక్స్ యంత్రాలూ ఒకే ఎస్ఎస్‌హెచ్ తాళంతో తిరుగుతాయి. అంతకంటే పెద్ద లోపం, ఆ డిస్కు అలా ఎందుకుందో నకలు చెప్పలేదు. వంటకం చేతికిచ్చినంత మాత్రాన వండే తీరు తెలియదు కదా.

సర్వర్ ఒక్కటి ఆగితే అంతా ఆగుతుందన్న అభ్యంతరం డిస్కులేని యంత్రాల విషయంలో సరైనదే. అక్కడ రెండో సర్వర్ తప్పనిసరి. ఇన్‌స్టాల్ పని ముగిసిన యంత్రం మాత్రం సొంత డిస్కు నుంచే మేలుకుంటుంది కనుక దానికి ఆ చిక్కు లేదు. భద్రత గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది. పీఎక్స్ఈ యంత్రం తన పిలుపుకు జవాబిచ్చినవారిని నమ్ముతుంది. టీఎఫ్‌టీపీ ఎవరి గుర్తింపూ అడగదు. అదే నెట్‌వర్క్‌లో దొంగ సర్వర్ ఉంటే దొంగ సిస్టం ఎక్కుతుంది. అందుకే ఇన్‌స్టాల్ పనికి వేరుగా ఒక వీలాన్ (విడిగా ఉండే నెట్‌వర్క్ భాగం) ఉంచాలి, సంతకం లేని లోడర్‌ను సెక్యూర్ బూట్ తిరస్కరించేలా చూడాలి, జవాబుల ఫైల్లో పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టుగా రాయకూడదు. 2010 నుంచి ఐపీఎక్స్ఈ పేరిట సాగుతున్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ హెచ్‌టీటీపీఎస్‌ను వాడగలదు. 2015 నాటి యూఈఎఫ్ఐ 2.5 ప్రమాణం హెచ్‌టీటీపీ ద్వారా బూట్ చేయడాన్ని ఫర్మ్‌వేర్‌లోకే తెచ్చింది. పొరపాటున డిస్కు చెరిగిపోకుండా, అందరికీ ఉద్దేశించిన ఫైల్లో సొంత డిస్కు నుంచే మేలుకోమని రాసి, ఇన్‌స్టాల్ ఆజ్ఞను ఆయా యంత్రాల పేరిటే ఉంచాలి.

క్లౌడ్ వచ్చాక ఇదంతా పాతబడిందనే మాట కూడా నిలవదు. క్లౌడ్ కింద ఉన్నవి నిజమైన యంత్రాలే. వాటిలోనూ ఎవరో తొలి సిస్టం ఎక్కించాలి. ఓపెన్‌స్టాక్‌లోని ఐరానిక్, కనానికల్ సంస్థ రూపొందించిన మాస్ అనే సాఫ్ట్‌వేర్లు చేసేది ఆ పనే, అవి ఎక్కువగా ఆధారపడేది పీఎక్స్ఈ మీద. మూడు నాలుగు యంత్రాలున్న చోట పెన్‌డ్రైవ్ చాలు. అక్కడ సర్వర్ నిలపమనడం అనవసర భారం. కానీ పదుల సంఖ్యలో యంత్రాలున్న ప్రతి కళాశాలా, ప్రతి కార్యాలయమూ ఈ పద్ధతి నేర్చుకోవాలి. అది ఉన్నచోట ఒక యంత్రం పాడైతే సిబ్బంది భయపడరు, దాన్ని మళ్లీ అదే తీరున నిలబెడతారు. చేసిన మనిషి బదిలీ అయి వెళ్లినా, తరువాత వచ్చినవారు ఫైలు తెరిచి ఏం చేశారో చదువుకుంటారు, తప్పు ఉంటే దిద్దుకుంటారు.