మరవిల్లు మోసే భారం: ‘బాహుబలి’ చిత్రాల ఆయుధ కల్పనలో ఔచిత్య విచారం

కల్పిత కథలోని యుద్ధయంత్రం నమ్మదగినదేనా అన్న ప్రశ్న నేటి ప్రేక్షకుడు కొత్తగా వేసింది కాదు. భామహుడు కావ్యాలంకారం నాలుగవ పరిచ్ఛేదంలో దేశ, కాల, కళా, లోక, న్యాయ, ఆగమ విరోధాలను దోషాలుగా పరిగణించాడు. ఆ సందర్భంలో ఆయన వత్సరాజు కథను విమర్శకు పెట్టాడు. లోపల యోధులు కిక్కిరిసిన కృత్రిమ గజాన్ని రాజు నిజమైన ఏనుగని ఎలా భ్రమించాడు? ఆగ్రహించిన శత్రువులు దృఢమైన విండ్లతో వేసిన బాణాలు అతని మర్మస్థానాలను మాత్రం ఎలా తప్పించుకుపోయాయి? భామహుని ఆక్షేపం ఏనుగు కొలతలపైన కాదు. ఆ యంత్రం చుట్టూ ఉన్న మనుషులు తమకు తెలిసినదంతా ఆ క్షణంలో మరిచిపోయినట్లు కవి ప్రవర్తింపజేశాడన్నదే ఆయన అభ్యంతరం. తెలుగు కాల్పనిక కథనంలోని ఆయుధాలను పరిశీలించడానికి ఇంతకన్న పదునైన గీటురాయి లేదు.

‘పాతాళభైరవి’ (1951) వంటి జానపద చిత్రాలకు ఈ ప్రశ్న వర్తించదు. అక్కడ శక్తికి ఆధారం మంత్రం. మంత్రానికి నియమాలుంటాయి గాని బరువు ఉండదు. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో వచ్చిన ‘బాహుబలి’ రెండు భాగాలు (2015, 2017) జానపద కథాసరళిని స్వీకరించి మాంత్రికుణ్ణి మాత్రం విడిచిపెట్టాయి. మాహిష్మతిలో ఏది ఎగిరినా, ఏది తెగినా అది మనిషి కండతోనో, కొయ్యతోనో, లోహంతోనో జరగాలి. మంత్రాన్ని తొలగించిన కథకుడు ఆ మేరకు వడ్రంగికీ కమ్మరికీ ఋణపడతాడు. కళా దర్శకుడు సాబు సిరిల్ రూపకల్పన చేసిన ఆయుధాలను ఆ ఋణం తీరిందా లేదా అన్న దృష్టితో చూడవలసి ఉంది.

పరీక్షకు క్రాస్‌బో అనుకూలమైన వస్తువు. దండానికి అడ్డంగా విల్లుబద్దను బిగించి, నారిని కొక్కెంలో నిలిపి, మీట నొక్కి విడిచే మరవిల్లు ఇది. చూడటానికి చేతివిల్లుకన్న బలమైనదిగా తోస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరు. 540 కిలోల లాగుడు బరువున్న ఉక్కు క్రాస్‌బో నారి 18 సెంటీమీటర్లు ప్రయాణిస్తే బద్దలో నిలిచే శక్తి సుమారు 480 జౌళ్లు. 68 కిలోల చేతివింటి నారిని 60 సెంటీమీటర్లు లాగితే సుమారు 200 జౌళ్లు. బరువు ఎనిమిది రెట్లు, శక్తి రెండున్నర రెట్లకు లోపు. మరవిల్లు మనిషికిచ్చేది బలం కన్న తీరిక: లాగిన నారిని పట్టుకొని వణకకుండా, గురి కుదిరేదాకా ఆగగల తీరిక. అందుకు అతడు చెల్లించేది సమయం. చక్రాలూ కప్పీలూ తిప్పి నారిని మళ్లీ ఎక్కించేసరికి చేతివిల్లు పట్టినవాడు అనేక బాణాలు వేస్తాడు. ఈ వ్యవధిని దాచిపెట్టిన కథలో క్రాస్‌బో వట్టి అలంకారం. దాన్ని వాడుకున్న కథలో అదొక పాత్ర.

రెండవ చిత్రంలో భల్లాలదేవుని రథం బాణాలను ఎడతెగక వెదజల్లుతుంది. ఈ కల్పనకు పూర్వరూపాలు లేకపోలేదు. వైశాలిపై యుద్ధంలో అజాతశత్రువు ‘రథముసలం’, ‘మహాశిలాకంటకం’ అనే యంత్రాలను ప్రయోగించినట్లు జైన వాఙ్మయం చెబుతుంది. మొదటి చిత్రంలో కాలకేయులపైకి నడిచిన తిరుగుడు కత్తుల రథం రథముసలానికి దగ్గరి చుట్టం. కౌటిల్యుడు ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణంలో స్థిరయంత్రాలనూ చలయంత్రాలనూ వేరువేరుగా పేర్కొన్నాడు. కనుక యంత్రరథం దేశవిరోధమూ కాదు, కాలవిరోధమూ కాదు. దాని దోషం కళావిరోధం. వరుసగా బాణాలు విడిచే మరవిల్లు చరిత్రలో చైనాలో ఉంది. దాని పెట్టెలో పదింటి వరకు బాణాలు పట్టేవి. ఒక్కొక్క బాణానికీ మీటను ముందుకూ వెనక్కూ ఆడించాలి. చేతి ఊపుతోనే నారి ఎక్కాలి కనుక దాని బలం స్వల్పం. అందుకే మొనలకు విషం పూసేవారు. వేగం కావాలంటే బలం వదులుకోవాలి, బలం కావాలంటే వేగం వదులుకోవాలి. భల్లాలదేవుని రథం రెండింటినీ కోరుకుంటుంది, దేనికీ మూల్యం చెల్లించదు. బాణాలు నింపే సేవకుడు తెరపై నిలబడడు; పెట్టె ఖాళీ అయిన క్షణం కథలో ఉండదు. ఆ క్షణమే ఉండి ఉంటే యంత్రగర్వితుడైన ప్రతినాయకునికీ ప్రజల చేతులపై ఆధారపడిన నాయకునికీ ఉన్న భేదాన్ని కథ ఒక్క దృశ్యంలో చూపగలిగేది. ఇది భౌతికశాస్త్ర లోపం కన్న పెద్దదైన కథన లోపం.

ఇదే చిత్రంలో బాహుబలి, దేవసేన ఒకేసారి మూడేసి బాణాలు సంధించే ఘట్టం ఇందుకు భిన్నం. ఒక వింటిశక్తిని మూడు సమానమైన బాణాలకు పంచితే ఒక్కొక్కదాని వేగం స్థూలంగా 58 శాతానికీ, దూరం మూడోవంతుకూ పడిపోతాయి. అయినా ఆ దృశ్యం నమ్మిస్తుంది. పోరు ఇరుకైన నడవలో సాగుతుంది, దూరంతో పని లేదు. అంతకన్న ముఖ్యంగా అక్కడ విద్య బోధన జరుగుతుంది. దేవసేనకు అంతవరకు పట్టుబడని కిటుకును వేళ్ల అమరికతో సహా ఒకరు చెప్పగా మరొకరు నేర్చుకుంటారు. నేర్చుకోవలసి వచ్చిన ఆయుధానికి బరువు దానంతటదే వస్తుంది.

తాటిచెట్లను తాళ్లతో వంచి, డాళ్లు చుట్టూ కప్పుకున్న యోధులను కోటలోకి విసిరిన దృశ్యం అందరి పరిహాసానికీ గురైంది. ఆ పరిహాసం సగమే న్యాయం. ఆరుగురి బరువు 420 కిలోలనీ, గోడ ఎత్తు 20 మీటర్లనీ అనుకుంటే గోడ దాటడానికి కనీసం 82 వేల జౌళ్లు కావాలి. చెట్టు కొనను పది మీటర్లు కిందికి లాగడానికి సగటున 840 కిలోల బలం, చివరి దశలో అంతకు రెట్టింపు. మనిషికి 30 కిలోల చొప్పున చూస్తే అది 56 మంది పని. ఊరంతా కదిలివచ్చిన యుద్ధంలో అది అసంభవం కాదు. తాటికొయ్య విల్లుబద్దకు పనికివచ్చేదేనని అర్థశాస్త్రం కూడా చెబుతుంది. అయితే అది చీల్చి చెక్కిన బద్ద, వేరుతో నిలిచిన మాను కాదు. ఇక అసలు చిక్కు దిగడంలో ఉంది. 20 మీటర్ల ఎత్తునుంచి పడే మనిషి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. డాలు బాణాన్ని ఆపుతుంది, నేలను ఆపదు. అంతమంది చేతుల శ్రమను లెక్కలోకి తెచ్చిన దృశ్యం చివరికి ఒక్క ఎముకనైనా లెక్కలోకి తీసుకోలేదు.

మొదటి చిత్రంలోని వస్త్రప్రయోగం ఈ రెండు భాగాల్లోనూ ఉత్తమమైన ఆయుధ కల్పన. ఆయుధాల పంపకంలో బిజ్జలదేవుడు పక్షపాతం చూపగా, బాహుబలి నూనెలో తడిపిన వస్త్రాలను శత్రుసేనపై కప్పించి నిప్పంటిస్తాడు. లేమి ఇక్కడ యంత్రానికి తల్లి అయింది. ఇందులో ప్రతి వస్తువూ ఎక్కడినుంచి వచ్చిందో ప్రేక్షకునికి తెలుసు.

ఈ తేడాకు నిర్మాణ పద్ధతిలోనూ మూలాలున్నాయి. హైదరాబాదు ఎస్.ఆర్. నగర్‌కు కూతవేటు దూరంలో, అమీర్‌పేటలో, రెండు భిన్న శిక్షణల చోట్లు ఉన్నాయి. ఒకటి 1950లలో వెలసిన సారథి స్టూడియో. అక్కడి సెట్టుపై ఆయుధాన్ని కొయ్యతోనో రేకుతోనో చేయవలసిందే. చేసినవాడి చేతికి దాని బరువు తెలిసేది. రెండవది మైత్రీవనం పరిసరాల్లోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు. అక్కడ గ్రాఫిక్స్ నేర్చే యువకుడు తెరపై మరవిల్లును గీస్తాడు. ఆ వింటి నారి తెగదు, బద్ద విరగదు, ఎక్కించడానికి ఎవరికీ చెమట పట్టదు. దోషం సాంకేతికతది కాదు. బరువును జ్ఞాపకం చేసే పని ఇదివరకు వస్తువు చేసేది, ఇప్పుడది కథారచయిత చేయాలి. రథయంత్రం విషయంలో ఆ పని జరగలేదు.

ఆ పనికి సామగ్రి తెలుగునేలపైనే ఉంది. 1310 నాటి ఓరుగల్లు ముట్టడిని వర్ణిస్తూ అమీర్ ఖుస్రో ముట్టడిదారుల మగ్రిబీలనూ, కోటలోపలి అర్రాదాలనూ ప్రస్తావించాడు. రెండూ రాళ్లు రువ్వే యంత్రాలే. ఆయన గెలిచినవారి పక్షపు రచయిత. అయినా వెలుపలి మట్టికోట గట్టితనాన్ని దాచలేదు. యంత్రం విసిరిన రాయి దానికి తగిలి పిల్లలాడే కాయలా వెనక్కి ఎగిరిపడుతుందన్నాడు. తన పక్షపు యంత్రం విఫలమయ్యే తావును చూపడం వల్లనే ఆ వర్ణనలోని యంత్రం నిజమనిపిస్తుంది. కాకతీయుల కథ రాసేవారికి ఆ రాళ్ల బరువు, వాటిని మోసిన పశువుల లెక్క, రాత్రివేళ గోడ పూడ్చిన చేతులు ఇంకా రాయని అధ్యాయాలుగానే ఉన్నాయి. వరంగల్లు రాతికోట వెలుపల ఆ మట్టికట్ట నేటికీ నిలిచి ఉంది.