చెరువు కట్ట మీద చూపు నేర్చుకుందాం

సికింద్రాబాద్ చుట్టుపక్కల సఫిల్‌గూడ, కాప్రా, శామీర్‌పేట చెరువులు వాటంతటవే ఏర్పడ్డవి కావు. దక్కన్ రాతినేల మీద వాన నీళ్లు నిలవవని పెద్దలు వాలుకు అడ్డంగా కట్ట పోశారు. పొలాలకు తూము, మిగులు నీటికి అలుగు పెట్టారు. సఫిల్‌గూడలో కట్ట మైసమ్మను నేటికీ కొలుస్తున్నారు. సాగు కోసం నిలుపుకున్న ఆ నీటి చుట్టూ చెట్టూ పిట్టా చేరి కాపురం పెట్టాయి. వాటిని గమనిస్తూ కట్ట వెంట నడవడం ఎవరైనా నేర్చుకోగల విద్య.

పొద్దు పొడిచిన తర్వాతి రెండు గంటలు ఈ పనికి మంచి సమయం. ఎండ వీపు మీద పడేలా నడిస్తే పిట్టల రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. మెరిసే బట్టలు, ఫోన్‌లో పాటలు వద్దు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్ చాలు. ముందు చెవి పెట్టండి, తర్వాత కన్ను. తీతువు అరుపు విన్నాక దాన్ని నేల మీద వెతకడం తేలిక. అది తలపైనే తిరుగుతూ గోల చేస్తోందంటే గులకరాళ్ల మధ్య గుడ్లున్నాయేమో, వెనక్కి రండి.

చెరువును ముక్కలుగా చూడాలి. లోతు నీటిలో బుడుబుంగ, నీటికాకి మునిగి వేటాడతాయి. ఒడ్డు దగ్గరి పల్చటి నీళ్లలో కొంగలు కదలకుండా నిలబడతాయి. జమ్ము పొదల్లో నీటికోళ్లు దాక్కుంటాయి. ముక్కునూ కాళ్లనూ చూస్తే తిండి ఏమిటో తెలిసిపోతుంది. చలికాలంలో ఉత్తరాది దేశాల నుంచి వచ్చే గరిటె ముక్కు బాతు నీళ్లను జల్లెడ పట్టినట్టు వడగట్టి, చిన్న పురుగుల్నీ గింజల్నీ తింటుంది. వానాకాలంలో ఈత చెట్లకేసి చూడండి. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆడపిట్టను పిలుస్తాడు. ఆమెకు నచ్చితేనే మిగతా సగం.

మొక్కల చదువును మన ఆడపడుచులు పూల పండుగ బతుకమ్మతోనే బోధిస్తూ వచ్చారు. తంగేడు ఎక్కడ పూస్తుందో, గునుగు ఏ చేను గట్టున ఉంటుందో పిల్లలకు ఆ పూలు కోసుకొచ్చేటప్పుడే తెలిసేది. ఆ అలవాటునే ఏడాది పొడవునా సాగించాలి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఎర్రగా పూసిన మోదుగ మీద తేనె కోసం ఎన్ని పిట్టలు వాలుతున్నాయో లెక్కపెట్టండి. బయటి దేశాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మనూ గుర్రపుడెక్కనూ కూడా గుర్తుపట్టాలి. మురుగు చేరిన నీటిలో గుర్రపుడెక్క విరగబడి పెరుగుతుంది. వెలుతురునూ గాలినీ అడ్డుకుని చేపల్ని చంపుతుంది. మునిగి వేటాడే పిట్టకు చోటు లేకుండా చేస్తుంది.

చిన్న ప్రాణిని తేలిగ్గా తీసుకోకూడదని ఈ ఊరి చరిత్రే చెబుతుంది. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లోనే. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతూ దోమ పిల్లల్ని తింటాయి. రకరకాల తూనీగలు తిరుగుతున్న ఒడ్డు ఆరోగ్యంగా ఉన్న ఒడ్డు.

చూసింది రాసుకోకపోతే చూపు సగమే. తేదీ, వేళ, చోటు, పిట్ట, సంఖ్య, అది చేస్తున్న పని రాయండి. 1930ల మొదట్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి రాసిన వివరాల వల్లే అప్పటి పక్షులెన్నో మనకు తెలుసు. 1980లో ఇక్కడ మొదలైన పక్షి పరిశీలకుల సంఘం నేడు దక్కన్ బర్డర్స్ పేరుతో ఆ పని సాగిస్తోంది. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మన దేశంలో అది 1987 నుంచి ఉంది. నగర శివార్లలోని అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా దక్కింది. అక్కడి పక్షుల్నీ మొక్కల్నీ గమనించి రాసినవాళ్లు లేకుంటే ఆ గుర్తింపుకు ఆధారమే ఉండేది కాదు.

చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో మట్టి పోస్తున్నప్పుడు, అక్కడ ఏముండేదో చెప్పగలిగేది ఇలాంటి నోటు పుస్తకాలే. మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక్క చెరువును ఎంచుకోండి. పిల్లల్ని వెంటబెట్టుకుని, ప్రతి నెలా అదే దారిలో తిరిగి, ఏడాదిపాటు రాయండి.