ప్రహసనానికి తలుపులే ప్రాణం

ఇంగ్లిష్ నాటకకర్త మైకేల్ ఫ్రేన్ 1970లో తను రాసిన హాస్య నాటికలను ఒకసారి సైడ్ వింగ్‌లో నిలబడి చూశారు. నటులు ఇద్దరే, లిన్ రెడ్‌గ్రేవ్, రిచర్డ్ బ్రయర్స్. ఒక తలుపులోంచి వెళ్లి, గబగబా వేషం మార్చి, ఇంకో పాత్రగా మరో తలుపులోంచి రావాలి. హాల్లో జనం చూస్తున్నదానికన్నా వెనకాల జరుగుతున్న హడావిడే ఎక్కువ నవ్వు తెప్పిస్తోందని ఆయనకు తోచింది. అందులోంచి పుట్టిన నాటకమే ‘నాయిసెస్ ఆఫ్’. 1982లో హామర్‌స్మిత్ లిరిక్ థియేటర్లో మొదలైంది. నలభై ఏళ్లయినా దాని పస తగ్గలేదు. 2022లో బాత్ నుంచి బయల్దేరిన కొత్త ప్రదర్శన 2023లో లండన్ ఫీనిక్స్ థియేటర్‌కు చేరింది.

కథ కూడా ఊరూరా తిరిగే ఒక నాటక సమాజానిదే. వాళ్లు ఆడే ప్రహసనం పేరు ‘నథింగ్ ఆన్’. మొదటి అంకం వెస్టన్-సూపర్-మేర్‌లో, తెల్లారితే మొదటి ఆట అనగా అర్ధరాత్రి దాటినా తెమలని ఆఖరి రిహార్సల్. రెండోది నెల తర్వాత మరో ఊళ్లో. మూడోది స్టాక్టన్-ఆన్-టీస్‌లో, టూరు ముగిసే వేళ. మూడింట్లోనూ మనం చూసేది ‘నథింగ్ ఆన్’ మొదటి అంకమే. రెండోసారి మాత్రం సెట్టు మొత్తం తిప్పేసి వెనకనుంచి చూపిస్తారు. మూడోసారికి నటుల మధ్య ప్రేమలు, అసూయలు ముదిరిపోయి ఆట చిందరవందరవుతుంది.

ఒకే అంకాన్ని మూడుసార్లు చూపించి మూడుసార్లూ నవ్వించడం మాటలు కాదు. పనిమనిషి మిసెస్ క్లాకెట్ వేషం కట్టే నటి చేతిలో సార్డీన్ చేపల పళ్లెం ఉంటుంది. ఫోన్ మోగితే తీసి మాట్లాడుతుంది. వెళ్లేటప్పుడు రిసీవర్ పెట్టెయ్యాలి, పళ్లెం అక్కడే వదలాలి, పేపర్ పట్టుకెళ్లాలి. ఆ వరస ఆమెకు గుర్తుండదు. డైరెక్టర్ హాల్లోంచే ఆపి మళ్లీ చేయిస్తాడు. పైకి ఇది మతిమరుపు మీద వేసిన జోకులా ఉంటుంది. ఇక్కడ ఫ్రేన్ చేస్తున్న అసలు పని ప్రేక్షకుడికి పాఠం చెప్పడం. పళ్లెం ఎక్కడుండాలో మనకు కంఠతా వచ్చేస్తుంది. ఇక మూడో అంకంలో అది ఉండాల్సిన చోట లేకపోతే, ఎవరూ ఒక్క మాటైనా అనకుండానే హాలంతా ఘొల్లుమంటుంది.

ఈ విద్యకు శిఖరం రెండో అంకమే అంటాను. సెట్టు అవతల ఆట నడుస్తోంది గనక ఇవతల ఎవరూ నోరెత్తకూడదు. కొట్లాటలన్నీ మూగసైగలే. ఒకరి బూట్ల లేసులు ఇంకొకరు కలిపి ముడేస్తారు, విస్కీ సీసా చేతులు మారుతుంది, ఒకరి చేతికి గొడ్డలి అందుతుంది. అంతలో క్యూ వినపడితే ముఖం సర్దుకుని తలుపు తీసుకుని అవతలికి వెళ్లాలి. స్క్రిప్టులో అవతలి డైలాగులు, ఇవతలి సైగలు పక్కపక్కనే నడుస్తాయి. అవతల ఏ మాట పడగానే ఇవతల గొడ్డలి లేవాలో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఆ లెక్క అరక్షణం తప్పితే నవ్వు రాదు, పైగా ఎవరికైనా దెబ్బ తగలొచ్చు.

నవ్వును పట్టుకోవడం రిహార్సల్ గదిలో వచ్చే విద్య కాదు, దానికి నిండిన హాలు కావాలి. నవ్వు కెరటంలా లేస్తుంది. అది విరగడం మొదలైన చోట తర్వాతి మాట అందుకోవాలి. తొందరపడితే ఆ మాట నవ్వులో మునిగిపోతుంది, మాటలు పోతున్నాయని జనం తర్వాత నవ్వు ఆపుకుంటారు. పూర్తిగా ఆగేదాకా చూస్తే ఆట చల్లబడుతుంది. లండన్ చేరకముందు నాటకాన్ని ఊళ్లలో తిప్పే ఆనవాయితీకి ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. మామూలుగా ఒక్కో ఊళ్లో సోమవారం నుంచి శనివారం దాకా ఆడతారు. బ్లాక్‌పూల్ గ్రాండ్ (1894), బక్స్‌టన్ ఆపెరా హౌస్ (1903) లాంటి, వాస్తుశిల్పి ఫ్రాంక్ మ్యాచమ్ కట్టిన హాళ్లలో బాల్కనీలు వంపు తిరిగి వేదికకు దగ్గరగా వస్తాయి, పై వరసలో నవ్వు కూడా నటుడికి వెంటనే అందుతుంది. విశాలమైన హాల్లో అదే నవ్వు ఆలస్యంగా చేరుతుంది. సెట్టు, తలుపులు అవే అయినా ఎంతసేపు ఆగాలన్నది ఊరికో రకం. సోమవారం తడబడిన చోటు గురువారానికి గాడిలో పడుతుంది.

ఇంకో నియమం, నటుడు నవ్వించాలని చూడకూడదు. రే కూనీ ‘రన్ ఫర్ యువర్ వైఫ్’లో టాక్సీ డ్రైవర్ జాన్ స్మిత్‌వి రెండు కాపురాలు, ఆ రెండిళ్లూ ఒకే సెట్టు మీద ఒకేసారి కనిపిస్తాయి. బండారం బయటపడుతుందన్న భయం నటుడి కళ్లలో నిజంగా లేకపోతే ఆ పరుగులన్నీ ఒట్టి గంతులే. ప్రహసనాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఒకటి గమనించాలి. చెహోవ్ నాటకాలను ఇంగ్లిష్ చేసిందీ, భౌతిక శాస్త్రవేత్తలు బోర్, హైసెన్‌బర్గ్‌ల మీద ‘కోపెన్‌హేగెన్’ రాసిందీ ఈ ఫ్రేనే.

ఈ విద్య మనకూ కొత్త కాదు. వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేశారు, ప్రహసనాలు ఎన్నో రాశారు. భమిడిపాటి కామేశ్వరరావు హాస్యబ్రహ్మ అనిపించుకున్నారు. రాసేవాళ్లకూ ఆడేవాళ్లకూ ఇప్పటికీ కొదవ లేదు. లేనివల్లా వరస ఆటలే. మన హాస్య నాటిక పోటీలు పెట్టే పరిషత్తుల వెంట తిరుగుతుంది. ఒక ఊళ్లో ఒక్క ప్రదర్శన, అదీ అదే రాత్రి మరికొన్ని నాటికల మధ్య. ఆ కాస్త వ్యవధిలో గట్టిగా మూసుకునే తలుపులు బిగించడం ఎవరి తరం? నవ్వు భారమంతా మాటల మీదే పడుతుంది. మాటల హాస్యంలో మనవాళ్లు గట్టివాళ్లే, సందేహం లేదు. కానీ ‘నాయిసెస్ ఆఫ్’లోని ఆ మూగ అంకం లాంటిది ఇలా పుట్టదు. పోటీలు ముగిశాక ఉత్తమ హాస్య నాటికను అదే ఊళ్లో, అదే సెట్టుతో, టికెట్ పెట్టయినా సరే వారం పాటు ఆడించే పరిషత్తు ఒక్కటైనా ముందుకు రావాలి. మొదటి రాత్రికీ ఆరో రాత్రికీ తేడా ఏమిటో నటులతో పాటు రెండోసారి వచ్చిన ప్రేక్షకుడికీ తెలుస్తుంది.